ప్రింటర్ కొనడానికి నాన్న తెరిచిన ఫైలు

మా నాన్న రాయపూర్‌లో రైల్వే స్టోర్స్ గుమాస్తాగా చేరి, అదే డిపోలో అదే బల్ల దగ్గర రిటైరయ్యాడు. చీపుళ్ళ దగ్గర్నుంచి లాంతరు గాజుల దాకా డిపోకి ఏం కొనాలన్నా ఆయన చేతి మీదుగానే కాగితం కదిలేది. మూడు షాపుల నుంచి కొటేషన్లు తెప్పించాలి, మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీయాలి, ఏది ఎందుకు మంచిదో చివర్లో రాయాలి, పైవాళ్ళ సంతకం తీసుకోవాలి. ఆఫీసులో ఎలాగూ తప్పదు సరే, ఇంట్లో కూడా అదే తంతు. సీలింగ్ ఫ్యాన్ కొనడానికి నెలన్నర పట్టింది, ఆ ఎండాకాలం మొత్తం విసనకర్రలతోనే గడిపాం. నా పెళ్ళి సంబంధాలకి కూడా మూడు గళ్ళ పట్టిక గీశాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. మా ఆయన రెండో గడి.

నాకు చిన్నప్పటి నుంచీ ఈ వ్యవహారం చూస్తే ఒళ్ళు మంట. నాకు ఓపిక లేదు, దాచుకోవడం ఎందుకు. కావాలనుకున్నది ఆ పూటే కొనెయ్యాలి, నచ్చకపోతే ఆ పూటే తిట్టెయ్యాలి. నాన్నకీ నాకూ ఏ విషయంలోనూ పొంతన కుదరకపోయినా, పెళ్ళయ్యాక కూడా ఒకే ఇంట్లో ఉన్నాం. గుఢియారీలో, రైలు పట్టాలకి రెండు వీధుల ఇవతల, రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు. కింద నేనూ, మా ఆయనా, మా అమ్మాయీ. మేడ మీద అమ్మా, నాన్నా. వంట మాత్రం అందరికీ కిందే. మేడ మీది ముందు గది నాన్న ఏరికోరి తీసుకున్నాడు. ఆ కిటికీలోంచి గూడ్సు బళ్ళు కనిపిస్తాయి, కూర్చుని డబ్బాలు లెక్కపెట్టుకోవచ్చు.

లాక్‌డౌన్లన్నీ అయిపోయిన మరుసటి వానాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ పడిపోయాయి. మూతి కొంచెం పక్కకి లాగింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకుని మేడ ఎక్కించారు. ఆ తరవాత ఆయన కిందికి దిగలేదు. కింద వంటింటి పక్క గది ఖాళీ చేస్తాం, వచ్చెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నాం. ఆ గదికి కిటికీ లేదన్నాడు. అంతే.

కాలూ చెయ్యీ మెల్లిగా వస్తాయని డాక్టరు చెప్పాడు. ఆయన వేరే మాట కూడా అన్నాడు. జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో కనిపెట్టుకుని ఉండండి, ఒక్కోసారి మంచి చెడ్డా తేల్చుకునే శక్తి పోతుంది, చిన్న చిన్న పనులు అప్పగించి చూడండి అన్నాడు. రోజంతా ఏదో ఒకటి చెప్పే మనిషి, రోజుకి పది మాటలు కూడా మాట్లాడటం లేదు. ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే అబ్బాయిని ఒకరోజు 'సార్, లాంతరు గాజుల లోడు దిగిందా' అని అడిగాడు. ఆ అబ్బాయికి తెలుగు రాదు, నవ్వేసి ఊరుకున్నాడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

మా ఆయన చెడ్డవాడు కాదు, ముందుచూపు ఎక్కువ, అంతే. నయా రాయపూర్‌లో ఆఫీసు, పొద్దున్న బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వస్తాడు. 'మావయ్యగారి సంతకాలు ఎన్నాళ్ళు చెల్లుతాయో తెలీదు, ఇంటి కాగితాలూ బ్యాంకు పనులూ ఇప్పుడే నీ పేరు మీదకి మార్చుకుంటే మంచిది' అన్నాడు. న్యాయంగా చూస్తే తప్పు మాట కాదు. కానీ ఆ కాగితాలు నాన్న ముందు పెడితే ఏమవుతుంది? నీ బుర్ర పని చెయ్యట్లేదు, ఇక పక్కకి జరుగు అని చెప్పినట్టే. ముందు చూద్దాం, తేలాక చేద్దాం అన్నాను. ఏం తేలాలో, ఎలా తేలుతుందో నాకే తెలీదు.

అప్పుడే ప్రింటర్ సంగతి వచ్చింది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ప్రశ్నపత్రాలూ, పిల్లలకిచ్చే లెక్కల కాగితాలూ వారానికి పదో పదిహేనో పేజీలు తియ్యాలి. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, దాని ప్రాజెక్టులు దానికున్నాయి. ఒక్కో పేజీకీ బజార్లో జిరాక్స్ షాపుకి వెళ్ళడం, అక్కడ లైన్లో నిలబడటం, వాళ్ళ కంప్యూటర్లోని వైరస్‌ని పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకోవడం. లాక్‌డౌన్ పుణ్యమా అని ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది. వైరు లేకుండా ఎవరి ఫోన్లోంచి వాళ్ళు పంపుకునే ప్రింటర్ ఒకటి కొనేద్దాం అనుకున్నాం. ఆ కొనే పని నాన్నకి అప్పగిస్తానన్నాను. ఆయనకి కాలక్షేపం అవుతుందని పైకి చెప్పాను. నిజానికి ఆయనకి పరీక్ష పెట్టాను.

పైకి వెళ్ళి చెప్పగానే దిండు మీద నుంచి తల ఎత్తాడు.

"నెలకి ఎన్ని పేజీలు?" అన్నాడు.

"యాభై, అరవై."

"ఎంతమంది వాడతారు? రంగులు గావాలా? స్కానింగ్ గావాలా? వైఫై డబ్బా కింద ఎక్కడుంది, హాల్లోనేనా?"

ఆయన నోట్లోంచి ఒక్కసారి అన్ని మాటలు విని మూడు నెలలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కిందికి దిగొచ్చి వంటింట్లో అమ్మని పట్టుకుని ఏడ్చేశాను. అమ్మకి ఏం జరిగిందో అర్థం కాక తనూ ఏడ్చింది.

మర్నాటికల్లా మా అమ్మాయి చేత ఒక అట్ట ఫైలు తెప్పించుకున్నాడు, తాడు కట్టేది. ఇక షాపులకి ఫోన్లు. 'భాయీసాబ్, కొటేషన్ పంపండి, లెటర్‌హెడ్ మీద' అని నత్తినత్తిగా హిందీలో అడుగుతుంటే అవతలివాళ్ళు ఏ కంపెనీ నుంచని అడిగేవాళ్ళు. ఇంటికే అంటే ఇద్దరు ఫోన్ పెట్టేశారు. శంకర్ నగర్‌లో ఒక షాపతను మాత్రం పాపం మూడు మోడళ్ళ వివరాలూ కాగితం మీద రాసి, స్టాంపు కొట్టి, ఫోటో తీసి పంపించాడు. అది చూసి నాన్న 'వీడు పనిమంతుడు' అన్నాడు. ఆయన నోట అది మామూలు సర్టిఫికెట్టు కాదు.

మొదటి వారం నాకూ ముచ్చటగానే ఉంది. రెండో వారం నవ్వుకున్నాను. మూడో వారంలో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. మేడ మీద వైఫై ఎక్కడెక్కడ ఎంత అందుతుందో కొలవాలని మా అమ్మాయిని ఫోన్ చేతికిచ్చి గదులన్నీ తిప్పాడు. మెట్ల దగ్గర రెండు గీతలు, వెనక గదిలో ఒకటి, ముందు గదిలో కిటికీ పక్కన మూడు. ఆ గీతలన్నిటికీ ఒక బొమ్మ గీసి ఫైల్లో పెట్టాడు. కుడిచెయ్యి బాగానే ఉన్నా వణుకుతుంది, ఒక్క బొమ్మకి ఒక పూట పట్టింది. అవతల స్కూల్లో పరీక్షలు నెత్తి మీదకొచ్చాయి. ప్రశ్నపత్రం పట్టుకుని మళ్ళీ జిరాక్స్ షాపులో నిలబడ్డాను. నా వెనకాల నిలబడ్డది నా క్లాసు పిల్లాడే. పేపరు చున్నీ కింద దాచుకుని, ప్రింటు తియ్యకుండానే ఇంటికొచ్చేశాను. ఆ కోపమంతా నాన్న మీదే.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న పిలిచాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పట్టికలో మూడు గళ్ళు. ఒకటి లేజర్ ప్రింటర్, రెండోది చిన్న కార్ట్రిడ్జ్ వేసే ఇంక్‌జెట్, మూడోది సీసాలతో రంగు పోసుకునే ట్యాంకు ఇంక్‌జెట్. మూడూ వైరు లేకుండా పనిచేసేవే. ఈ మూడు వారాల్లో నాకు కూడా కొంత తెలిసిపోయింది. మా స్కూల్లో ఎవరిని అడిగినా ఒకటే మాట, వారానికి పది పేజీలు తీసుకునే ఇంటికి లేజరే మంచిది, నెలలు ముట్టుకోకపోయినా ఏమీ కాదు. ఇంక్‌జెట్ అలా కాదు, వాడకుండా వదిలేస్తే రంగు ఎండి సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. ఇద్దరు టీచర్ల ఇళ్ళల్లో అలా పాడై అటక ఎక్కాయి. అసలు ఈ సంగతి నాకు మొదట చెప్పిందే నాన్న.

"మూడోది తీసుకోండి," అన్నాడు.

"అదేంటి నాన్నా? ఎండిపోతుందని నువ్వే అన్నావుగా. లేజర్ కదా మనకి?"

"చూశాను. మూడోదే."

"ఎందుకో చెప్పు."

"ఫైల్లో రాశాను."

"సరే. హాల్లో టీవీ పక్కన పెడదాం."

"కింద కాదు. ఇక్కడ, కిటికీ పక్కన. అదీ రాశాను."

వాడేవాళ్ళందరం కింద ఉంటే, పద్దెనిమిది మెట్ల పైన ప్రింటరా? పాడైపోతుందని తనే చెప్పినది తనే కొనమనడమా? ముప్పై ఏళ్ళ పైన సరుకు ఎంచడమే పనిగా బతికిన మనిషి ఇవాళ మూడింట్లో ఏది పనికిరాదో దాన్నే ఎంచాడు. డాక్టరు చెప్పిన మాట చెవిలో గింగురుమంది. ఫైలు తెరిచి చదవాలని కూడా నాకు అనిపించలేదు.

గబగబా మెట్లు దిగాను. వెనకాలే అమ్మ. మెట్ల మలుపులో ఆగి, నోటికొచ్చింది అనేశాను. "బుర్ర పని చెయ్యట్లేదమ్మా ఆయనకి. ఎండిపోయేదే కొంటాడట, అదీ మేడ మీద పెడతాడట. మీ అల్లుడు చెప్పిందే నిజం. ఇంక కాగితాలు మార్పించేసుకోవడమే."

"గొంతు తగ్గించవే, పైకి వినపడతాది," అంది అమ్మ.

వినబడింది. మా ఇంట్లో మెట్ల దగ్గర మాట్లాడితే మేడ మీద ప్రతి అక్షరం వినబడుతుంది. ఆ సంగతి నాకు ఇల్లు కట్టినప్పటి నుంచీ తెలుసు.

మర్నాడు పొద్దున్న టిఫిను పట్టుకుని వెళితే ఫైలు తాడు కట్టి స్టూలు మీద ఉంది. నాన్న కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.

"తీసికెళ్ళు. మీకేది గావాలంటే అది కొనుక్కోండి. నేను మూసేశాను," అన్నాడు.

ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు. తరవాతి రోజూ లేదు. మా అమ్మాయి వెళ్ళి వైఫై గీతలు మళ్ళీ కొలుద్దామా తాతా అని అడిగితే, వద్దని చెయ్యి ఊపాడట. ఎక్సర్‌సైజుల అబ్బాయి కూడా ఇవాళ బాబూజీ కాలు ఎత్తనన్నారని చెప్పి వెళ్ళాడు. నేను తప్పు చేశానని నాకు తెలుసు. క్షమించమని అడగాలని కూడా తెలుసు. కానీ ఏమని అడగను? బుర్ర బాగానే ఉందని అబద్ధం ఆడనా? ఆ వారమంతా ఆయన పళ్ళెం పెట్టి, మందులిచ్చి, తల వంచుకుని దిగొచ్చేశాను.

ఆ వచ్చే ఆదివారం ఒక్కదాన్నే శంకర్ నగర్ షాపుకి వెళ్ళాను, లేజర్ కొనేద్దామని. ధరలు ఉన్నాయి కదా అని ఫైలు సంచిలో వేసుకున్నాను. ఫలానా ఇంటి నుంచి వచ్చానని చెప్పగానే షాపాయన లేచి కుర్చీ వేశాడు.

"బాబూజీ కూతురా మీరు? ఆయనలాంటి కస్టమర్ నాకు తగల్లేదు దీదీ," అన్నాడు హిందీలో. "అందరూ ఎన్ని రోజులు వాడకపోయినా పాడవనిది ఏది అని అడుగుతారు. ఆయన ఎన్ని రోజులు వాడకపోతే పాడవుతుంది అని అడిగారు. అందులోనూ ఏది అన్నిటికంటే తొందరగా పాడవుతుంది, పాడైతే బాగవుతుందా అవదా, ఇదంతా కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను. లేజర్ ప్యాక్ చెయ్యమంటారా?"

ఒక్క నిమిషం ఆగమని ఫైలు తాడు విప్పాను. కౌంటరు దగ్గరే, నిలబడే చదివాను. నాన్న రాత ఇంగ్లీషులోనే ఉంటుంది, అది ఆఫీసు అలవాటు. అక్షరాలు వంకర పోయాయి గానీ గళ్ళు మాత్రం స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. ప్రతి గడి కిందా చివర్లో అభిప్రాయం రాసే చోటుంది. అందులో ఉన్నది తెలుగులో చెప్తాను.

లేజర్ కింద: 'నెలల తరబడి ఎవరూ ముట్టుకోకపోయినా చెడిపోదు. కనుక ఈ ఇంటికి పనికిరాదు.'

చిన్న ఇంక్‌జెట్ కింద: 'ఎండిపోతే కార్ట్రిడ్జ్ మార్చి సరిపెట్టుకోవచ్చు. నిర్లక్ష్యానికి అవకాశం ఉంది. కనుక వద్దు.'

మూడోదాని కింద: 'ఎండిపోతే మిషనే పోతుంది. రోజుకి కనీసం ఒక పేజీ తీయించాలి. సిఫారసు చేయడమైనది.'

ఆ కింద, ఎక్కడ పెట్టాలి అనే వరసలో: 'మేడ మీద ముందు గది. కింద నుంచి ఎవరైనా వైరు లేకుండా పంపవచ్చు. కాగితం తీసుకోవడానికి మాత్రం మనిషి రావాలి.'

రెండోసారి చదువుదామంటే అక్షరాలు కనబడలేదు. షాపాయన మంచినీళ్ళు తెప్పించాడు. ఎవరైనా పోయారా దీదీ అని అడిగాడు పాపం. ఎవరూ పోలేదు, మూడోది ప్యాక్ చెయ్యండి అన్నాను.

ప్రింటర్ తిన్నగా మేడ మీదకే వెళ్ళింది. మా ఆయన ఏదో అనబోతే ఫైలు చేతిలో పెట్టాను. చదివాడు, మెల్లిగా తాడు కట్టి నాకిచ్చాడు. ఇంటి కాగితాల మాట మళ్ళీ ఎత్తలేదు. మా అమ్మాయి సీసాల్లో రంగులు పోసి, వైఫైకి తగిలించి, కిటికీ పక్కన సరిగ్గా మూడు గీతలు వచ్చే చోట పెట్టింది. నాన్న మంచం మీద నుంచి అంతా చూస్తున్నాడు. నేను కిందికొచ్చి హాల్లో కూర్చుని, ఫోన్లోంచి ఏడో క్లాసు లెక్కల కాగితం ఒకటి పంపించాను. పైన మిషను చప్పుడు చేసింది. మెట్లెక్కాను.

నాన్న అప్పటికే పక్క మీద నుంచి జరిగి, కుడిచెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. ఒళ్ళో ఒక నోటుబుక్కు, అందులో గీతలు గీసి ఉన్నాయి. ఎవరు పంపారు, ఎన్ని పేజీలు, ఎవరు తీసుకున్నారు.

"సంతకం," అన్నాడు, నా మొహం చూడకుండా.

పెట్టాను. పెట్టి, కాగితం తీసుకుని, వెళ్ళకుండా నిలబడ్డాను. "నాన్నా, మెట్ల దగ్గర నేను అన్న మాట తప్పు," అన్నాను. "మేమంతా పైకి రావాలని ఉంటే ఆ మాటే చెప్పొచ్చుగా? అడిగితే రామా?"

ఆయన పెన్ను మూత పెట్టడానికి కాసేపు పట్టింది.

"వస్తారు. ఎందుకు రారు? అడిగితే నాలుగు రోజులు వస్తారు," అన్నాడు. "పనుంటే రోజూ వస్తారు."

మంచం అంచున కూర్చుండిపోయాను. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను ఆ మంచం మీద కూర్చోవడం అదే మొదటిసారని కూర్చున్నాక తెలిసింది. కిటికీ అవతల గూడ్సు వెళ్తోంది. ఆయన లెక్కపెట్టడం లేదు, నా చేతిలోని కాగితం వైపు చూస్తున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "ఫైలు మొత్తం చదివేవా?"

"చదివాను."

"నిదానంగా చదివేవా? కూడికలూ అవీ చూసేవా?" అని ఆగాడు. మూతి పక్కకి లాగుతుంటే తమాయించుకుని మళ్ళీ అన్నాడు. "నువ్వన్నావని కాదు. నాకూ అనుమానంగానే ఉంది ఈ మధ్య. అందుకే ఒక్కోటీ మూడేసిసార్లు రాసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు గదా?"

"లేదు నాన్నా," అన్నాను. "ఒక్కటి కూడా లేదు."